ఒంటిగీత పిన్ని

విమానం నడపడం నేర్పే ఆ బడిలో రికార్డుల గది చూసే ఆవిడను పెద్దా చిన్నా అందరూ పిన్ని అనే పిలిచేవారు. అది ఎదుటపడ్డప్పుడు. ఆవిడ అటు తిరగగానే ఒంటిగీత పిన్ని. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆవిడ మొండిపట్టే. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు, పేజీ చింపకూడదు. తప్పు మీద అడ్డంగా ఒకే ఒక గీత కొట్టాలి, అదీ కింది అక్షరాలు చదవడానికి వీలుగా. పక్కన ఒప్పు రాసి, పొడి సంతకం చేసి, తేదీ వెయ్యాలి. ఎవరైనా కంగారులో నాలుగు గీతలు బరికితే అంతే సంగతులు.

"ఏం బాబూ, తప్పును పాతిపెట్టడానికి గొయ్యి తవ్వుతున్నావా? నువ్వు కన్నదే కదా, మొహం కనబడనీ."

పూర్వం ఓడలవాళ్లు తాడుకు ముడులు వేసి, చివర చెక్కదుంగ కట్టి, నీళ్లలోకి విసిరేవారట. అర నిమిషంలో ఎన్ని ముడులు చేతిలోంచి జారిపోతే ఓడకు అంత వేగం. ఆ లెక్క రాసుకునే పుస్తకానికి దుంగ పేరే, ఇంగ్లీషులో లాగ్ అనేదే, అంటుకుంది. ఓడ దిగి విమానం ఎక్కినా ఆ పేరు వదల్లేదు. ఈ బడిలో ముప్పై ఏళ్లుగా ఆ దుంగను మోస్తున్నది పిన్నే. గది విమానాల షెడ్డును ఆనుకుని ఉంటుంది. బయట ఇంజను వేస్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి, బల్లమీది గుండుసూదుల డబ్బా దానంతటది జరుగుతుంది. డబ్బా ఎంత దూరం జరిగిందో చూసి ఏ విమానం బయలుదేరిందో చెప్పేస్తుందని పిల్లలు గొప్పగా చెప్పుకునేవారు. ఆవిడ కాదనేది కాదు.

పదేళ్ల కిందట గదిలోకి కంప్యూటరు వచ్చింది. వెంట దాన్ని చూసుకునే అతనూ వచ్చాడు. పిన్ని గొడవ పడుతుందని బడంతా చెవులు రిక్కించింది. గొడవేమీ జరగలేదు. యాభై పేజీల మొత్తాన్ని అది రెప్పపాటులో కూడితే, పిన్ని కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. "కూడడం దీని పని. నమ్మడం మన పని" అని పనులు పంచేసింది. ఆ రోజునుంచి లెక్కలన్నీ కంప్యూటరులోకే ఎక్కాయి, అంతకుముందు పుస్తకాలు బీరువాలోనే ఉండిపోయాయి. అటకమీది రేకుపెట్టెలు మాత్రం ఆవిడ అమ్మనివ్వలేదు.

"అవి రికార్డులు కావు పిన్నిగారూ, చీటీలు" అన్నాడు కంప్యూటరతను.

"నువ్వూ ఒకప్పుడు పసిగుడ్డువే నాయనా, మీ అమ్మ పారేసిందా?"

ఆ పెట్టెల అవసరం ఒక సోమవారం వచ్చింది. ఆ రోజు దిండు వచ్చింది. పన్నెండేళ్ల కిందట ఇక్కడే నేర్చుకుని, ఇప్పుడొక విమాన సంస్థలో కో-పైలట్‌గా ఉన్న అమ్మాయి. పొట్టి మనిషి కావడంతో, సీటుమీద దిండు వేసుకుంటే తప్ప ముందు రన్‌వే కనబడేది కాదు. అందుకే ఆ పేరు. గదిలోకి వస్తూనే కుర్చీలో కూలబడింది.

"పిన్నీ, నా కొంప మునిగింది."

"ఏ అంతస్తు దాకా?"

"నవ్వకండి. నా పాత లాగ్‌బుక్ పోయింది. కారు తలుపు తియ్యడానికి దాన్ని పైన పెట్టి, మర్చిపోయి, అలాగే బండి పోనిచ్చాను."

"విమానం నడిపేవాళ్లకి నేలమీద కళ్లుండవు. కంప్యూటరులో ఎక్కించుకున్నావుగా?"

దిండు తల దించుకుంది. పైలట్లు మాత్రమే చెయ్యగల తప్పు అది. కాగితం నుంచి ఎలక్ట్రానిక్ పుస్తకానికి మారేటప్పుడు, పాతవన్నీ ఒక్కొక్కటిగా కొట్టే ఓపిక లేక, మొదటి వరుసలో 'ఇంతకుముందువి' అని మొత్తం మాత్రం వేసుకుంటారు. దిండు వేసుకున్నది రెండువందల పన్నెండు గంటలు. బడిలో చదువంతా ఆ ఒక్క వరుసలో ఒదిగిపోయింది. ఇప్పుడు కెప్టెన్ పరీక్షకు పిలిచే జాబితా శుక్రవారం మూసేస్తారు. దానికి పదిహేనువందల గంటలు కావాలి. దిండు దగ్గర పదిహేనువందల గంటల నలభై నిమిషాలున్నాయి. కానీ ఆ ఒక్క వరుస చెల్లదు, ప్రతి ప్రయాణం విడివిడిగా, బడి ముద్రతో కావాలని సంస్థవాళ్లు అన్నారు.

"నేను సెలవులో ఉన్నాను పిన్నీ. శుక్రవారం లోపల ఇంకో నిమిషం కూడా ఎగరలేను. ఇది తప్పితే మళ్లీ నాలుగు నెలలు. నా తర్వాత చేరినవాడు నాకంటే ముందు కెప్టెనవుతాడు."

"అయితే లే. ఏడుపు తర్వాత, ముందు నిచ్చెన పట్టుకో."

రెండు రోజులు ముగ్గురూ తల ఎత్తలేదు. ప్రతి విమానానికీ సొంత పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ రోజు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో అందులో తెలుస్తుంది. నేర్చుకున్నది ఎవరో పిన్ని రోజూ సాయంత్రం రాసే రిజిస్టరులో తెలుస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి పిన్ని చదివేది, కంప్యూటరతను కొట్టేవాడు, దిండు వేలుపెట్టి చూసేది. బుధవారం మధ్యాహ్నానికి తెరమీద మొత్తం పడింది. రెండువందల పన్నెండు. నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

కంప్యూటరతను కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. "ముద్ర వెయ్యండి పిన్నిగారూ!"

"రెండు కలిస్తే లెక్క. మూడోది కూడా కలవాలి. పెట్టె దించు."

రేకుపెట్టెల్లో ఉన్నవి బరువు చీటీలు. చిన్న విమానంలో ఎవరు ఎక్కడ కూర్చుంటే తూకం ఎటు మొగ్గుతుందో లేచేముందు లెక్క వేసుకోవాలి గనక, ప్రతి ప్రయాణానికీ సీటువారీగా కిలోలు రాసిన చీటీ ఒకటి ఉంటుంది. అతను గొణుక్కుంటూనే దించాడు. నూట ముప్పై ఏడో చీటీ దగ్గర పిన్ని ఆగింది.

"ఏమే, అప్పట్లో నీ బరువెంత?"

"నలభై ఎనిమిది. ఎందుకూ?"

"వెళ్లేటప్పుడు నలభై ఎనిమిదే. వచ్చేటప్పుడు అదే సీట్లో ఎనభై రెండు. మధ్యలో ఏం తిన్నావే తల్లీ?"

దిండు నవ్వబోయి ఆగిపోయింది. ఆ రోజు తనతో బస్తా వచ్చాడు. తన జట్టువాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ బడి పద్ధతి అదే. ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని ఒకరు వెళ్లేటప్పుడు నడుపుతారు, రెండోవారు వెనక సీట్లో చూస్తూ కూర్చుని, వచ్చేటప్పుడు మారతారు. వెనక సీట్లో కూర్చున్న సమయం ఎవరి ఖాతాలోకీ రాదు. ఆ రోజు సాయంత్రం పిన్ని రెండు ప్రయాణాలూ దిండు పేరునే రాసేసింది. నెలాఖరున దిండు రిజిస్టరు చూసి కళ్లు మూసుకుని ఎక్కించుకుంది. తిరుగు ప్రయాణం గంటా పదిహేను నిమిషాలు. అది తీసేస్తే పదిహేనువందలకు ముప్పై అయిదు నిమిషాలు తక్కువ.

 కంప్యూటరతను ఆ చీటీని వెనక్కి పెట్టెలోకి తోశాడు.

"చీటీలు రికార్డులు కావని మొదటినుంచీ చెబుతున్నాను. వీటిని ఎవరడుగుతారు?"

దిండు ఆ మాట అనలేదు. అనకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంది. పిన్ని అది చూసింది.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి పోకుండా భర్త కొట్టుకు వెళ్లింది. ఆయన ఫొటోలకు ఫ్రేములు కడతాడు. కర్రముక్కలు మూల కలిపి, ఒక కన్ను మూసి చూస్తూ, ఆవిడ చెప్పిందంతా విన్నాడు.

"ముప్పై ఏళ్లలో నా రాత మీద నేను గీత కొట్టుకోలేదండీ."

"గీత కొట్టడం కష్టమా, ఆ పిల్ల మొహం చూడడం కష్టమా?"

"రెండూ."

"మూల వెంట్రుకవాసి తప్పినా అద్దం కూర్చోదు. నేను కొట్టి కూర్చోబెట్టొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. అప్పుడు నేను అక్కడ ఉండను" అని మేకు కోసం వెతుక్కున్నాడు. పిన్ని మేకు అందించి లేచింది.

గురువారం పొద్దున ఆవిడ రాకముందే దిండు గదిముందు నిలబడి ఉంది.

"పిన్నీ, నిద్ర పట్టలేదు. కొట్టెయ్యండి. రేపు కెప్టెనయ్యాక నా వెనక రెండువందలమంది కూర్చుంటారు. వాళ్లలో ఒక్కరికీ నా లెక్క చూసే వీల్లేదు."

పిన్ని గది తాళం తీసింది. పాత రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి, తన అక్షరాలమీద ఒకే ఒక గీత కొట్టింది. పక్కన బస్తా అసలు పేరు రాసి, పొడి సంతకం చేసి, ఆ గురువారం తేదీ వేసింది. కొత్త పుస్తకంలో మొత్తం రెండువందల పది గంటల నలభై అయిదు నిమిషాలుగా దిగింది. గీత కొట్టిన పేజీ నకలు, చీటీ నకలు వెనక కుట్టి, ముద్ర వేసి చేతిలో పెట్టింది.

"క్షమించవే. తప్పు నాది, శిక్ష నీకు."

"కళ్లు మూసుకుని ఎక్కించుకున్నది నేను కదా."

శుక్రవారం సాయంత్రం ఫోను మోగింది.

"పిన్నీ, జాబితాలో పేరు రాలేదు. ముప్పై అయిదు నిమిషాలు తక్కువేగా."

"ఊఁ."

"కానీ పుస్తకం ఒప్పుకున్నారు! తిరిగి రాసిన పుస్తకాలంటే వాళ్లకి సగం అనుమానమేనట. ఆ పేజీ చూసి, 'తన మనిషికి నష్టం తెచ్చే గీత ఎవరు కొట్టారు?' అని అడిగారు. మా పిన్ని అన్నాను. ఇక మిగతా పేజీలు తిప్పలేదు. వచ్చే జాబితాకి మళ్లీ ఏ కాగితమూ అక్కర్లేదన్నారు."

"మిగతా పేజీలు తిప్పలేదా? అదేం తనిఖీ? తిప్పమను!"

తర్వాత పిన్ని ఇంకో నంబరు తిప్పింది. బస్తా విమానాలు వదిలేసి చాలా ఏళ్లయింది. కళ్లలో ఏదో దోషం తేలి, లైసెన్సుకు గుమ్మంలో ఆగిపోయాడు. ఇప్పుడు పరుపుల దుకాణం. సంగతి విని పెద్దగా నవ్వాడు.

"పన్నెండేళ్ల తర్వాత గంటంపావు ఇస్తున్నారా పిన్నీ? ఏం చేసుకోను, పరుపులో కుట్టుకోనా?"

నవ్వాడే గాని, ఆదివారం వచ్చాడు. దిండూ వచ్చింది. ఆమె కోసం గట్టిదూది దిండొకటి, కెప్టెన్ సీటుకు సరిపడేది, చంకలో పెట్టుకుని తెచ్చాడు. రెండో చంకలో అట్ట వదులైన పాత లాగ్‌బుక్. పారేశానని ఇంట్లో చెప్పినదే. పిన్ని ఆఖరి వరుస కింద ఆనాటి తేదీ, విమానం నంబరు, గంటా పదిహేను నిమిషాలు రాసి, పక్కన సంతకం చేసింది.

కంప్యూటరతను మొత్తం చెప్పబోయాడు. బస్తా చెయ్యి అడ్డుపెట్టాడు. తనే బల్లమీది పెన్ను తీసుకుని, పెద్ద వేళ్లతో పేజీ పైనుంచి ఒక్కొక్క వరుసే కూడుకుంటూ కిందికి వచ్చాడు.