మూడో భాగం ఎప్పుడొస్తదన్నా

మా ఆయన కొండలరావుగారికి కథలు రాయడం ఏనాడూ కష్టం కాలేదు. రాసిన పుస్తకాన్ని ఎప్పుడు బయటికి తేవాలన్న దగ్గరే ప్రాణం మీదికొచ్చేది. మొదటి భాగానికి మూఢం అడ్డొచ్చింది. రెండో భాగానికి ఎండలు అడ్డొచ్చాయి. మూడో భాగానికి ఏకంగా తెలంగాణ ఉద్యమమే అడ్డొచ్చింది.

పుట్టింది తణుకు దగ్గరైనా, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా తార్నాక దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. ఆఫీసు వరండాలో రోజూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఫీజు గడువు దాటిపోయిన పిల్లలు, కొడుకు సర్టిఫికెట్టు కోసం పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రులు, హాస్టల్లో వండిపెట్టే ఆడవాళ్ళు. వాళ్ళ మీద కథలు రాసి, ‘వరండా కథలు’ అని పేరు పెట్టి, సొంతంగా అచ్చేసుకునేవారు.

నిజం చెప్పాలంటే వాటిలో సగం వెంకటస్వామన్నయ్యవి. నల్గొండ మనిషి, ఆఫీసులో పక్క కుర్చీ. వరండాలోకి వెళ్ళి వాళ్ళతో కూర్చుని మాట్లాడొచ్చేది ఆయన. కుర్చీలోంచి లేవకుండా విని రాసేది ఈయన. మొదటి రెండు భాగాలకీ ముందుమాట రాసింది కూడా ఆయనే. ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటికొచ్చి టీ తాగి, కొత్త కథ విని వెళ్ళేవారు.

మూడో భాగం సిద్ధమయ్యేసరికి 2009 డిసెంబరు. అప్పటికే క్యాంపస్ అట్టుడికిపోతోంది. బాష్పవాయువు ఘాటు మా వంటింటి కిటికీలోంచి వచ్చేది, ఉల్లిపాయలు తరగకుండానే కళ్ళనీళ్ళు. అలాంటి ఒక ఆదివారం అన్నయ్య ముందుమాట తెచ్చి మా ఇద్దరికీ చదివి వినిపించారు. “ఈ వరండాలో ఎదురుచూసినవాళ్ళే ఇవాళ రోడ్డు మీద ఉన్నారు. కోస్తాలో పుట్టిన నా మిత్రుడు వాళ్ళ పక్కన నిలబడ్డాడు. అందుకు ఈ పుస్తకమే సాక్ష్యం” అని చివర్లో ఉంది.

“చాలా బాగుంది స్వామీ” అన్నారు మా ఆయన. అన్నయ్య మెట్లు దిగిపోగానే తలుపు గడియ వేసి, “నేనెప్పుడు నిలబడ్డానే?” అన్నారు నాతో.

ఇక అక్కణ్ణుంచి వాయిదాలే. నల్లకుంటలో ఉన్న మా కోస్తా చుట్టాలు ఆ ముందుమాట చూస్తే ఏమంటారో అని ఒక భయం. ముందుమాట తీసేస్తే క్యాంపస్‌లో మొహం ఎలా చూపించాలా అని ఇంకో భయం. పైకి మాత్రం ఇవేవీ చెప్పరు.

“మూడో భాగం ఎప్పుడొస్తదన్నా?” అని అన్నయ్య అడిగేవారు.

“బంద్‌లు తగ్గనీ స్వామీ.”

“పిల్లల పరీక్షలు కానీ స్వామీ.”

“సమ్మె సంగతి తేలనీ స్వామీ.”

ఇలా ఉండగా 2012 జనవరిలో బెజవాడలో పుస్తకాల పండుగ వచ్చింది. అక్కడున్న నా సొంత అన్నయ్య ఫోన్ చేసి, “బావా, ఆ ముందుమాటొక్కటి తీసేయ్. ఇక్కడే వేయించి స్టాల్లో పెట్టిస్తాను” అన్నాడు. ఈయన ఎగిరి గంతేశారు. అక్కడ చిన్న సభ చేసి, శాలువా కప్పి, ఫొటో తీశారు. పట్టుచీర కట్టుకుని ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. వెంకటస్వామి అన్న పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆ తర్వాతి ఆదివారం అన్నయ్య మామూలుగానే వచ్చారు. మామూలుగానే అడిగారు.

“ప్రెస్సులో ఉంది స్వామీ” అన్నారు మా ఆయన, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయాను. పొయ్యి అసలు వెలిగించనే లేదు. ఆ తర్వాత కూడా రెండేళ్ళ పైన ప్రతి ఆదివారం అదే ప్రశ్న, ఈయన అలా నీళ్ళు నమలడం, నేను టీ గ్లాసులతో అడ్డం పడటం. ఛీ, ఏం బతుకు అనిపించేది.

2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఏ ముహూర్తమూ చూసుకోకుండా, ఎండా వానా అనకుండా మా ఆయన లేచి నల్లకుంట ప్రెస్సుకి పరుగెత్తారు. ఆ ముందుమాట మొదటి పేజీలోకి ఎక్కింది. ‘ముందుమాట: వెంకటస్వామి’ అని అట్ట మీద కూడా పడింది, మా ఆయన పేరు కన్నా పెద్ద అక్షరాల్లో. క్యాంపస్‌లో హాలు మాట్లాడారు. ఆవిష్కరించేది కూడా అన్నయ్యే.

ఆదివారం ఆయన రాగానే ఈయన కొత్త పుస్తకం రెండు చేతులా పట్టుకుని ఇచ్చారు. “ఇదిగో స్వామీ, ఇప్పటికి టైమొచ్చింది.”

అన్నయ్య అట్ట మీద తన పేరు చూసుకున్నారు. తర్వాత సంచిలోంచి ఇంకో పుస్తకం తీసి దాని పక్కన పెట్టారు. బెజవాడలో వేసింది. అంచులు నలిగిపోయి ఉన్నాయి.

“మా బాలలక్ష్మి పరీక్ష రాయనీకి బెజవాడ పోయింది గప్పుడు. పెద్దనాయన పుస్తకమని సంబురంగ కొనుక్కొచ్చింది” అన్నారు కూతురి గురించి.

“స్వామీ, అప్పటి పరిస్థితి నీకు తెలుసుగా...”

“నాకు తెల్వదా అన్నా. బుగులైంది, బయంతోని తీసేసినవ్. పిల్లలున్నోనివి. నాకేం కోపం రాలే.”

నేను ఉండబట్టలేకపోయాను. “అన్నీ తెలిసి ప్రతి ఆదివారం ఎందుకడిగారు అన్నయ్యగారూ?”

“ఇయ్యాలన్నా నిజం చెప్తడేమోనని, చెల్లె.”

రెండేళ్ళుగా ఆయన అడుగుతున్నది పుస్తకం గురించి కాదని అప్పటిదాకా మాకు తట్టలేదు. సిగ్గుతో నా ఒళ్ళంతా మండిపోయింది.

“తీసేసినందుకు కాదన్నా,” అన్నారు అన్నయ్య నెమ్మదిగా. “గిప్పుడు మల్ల పెట్టినవ్ సూడు, గదే పానం సివుక్కుమన్నది. గప్పుడు అక్కెరకు రాని మాట ఇయ్యాల అక్కెరకొచ్చిందా? నా పేజీ తీసెయ్యి. మీటింగుకు నేను రాను.”

టీ మాత్రం పూర్తిగా తాగారు. గ్లాసు నా చేతికే ఇచ్చి, వస్తా చెల్లె అని వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

హాలు వద్దని చెప్పేశాం. కట్టలు విప్పి ముందుగదిలో కూర్చుని, మా ఆయన ఒక్కో పుస్తకంలోంచి ఆ పేజీని బ్లేడుతో కోసి తీశారు. అట్ట మీద పేరు ఎలా తీయాలో తోచక ఆగిపోయారు.

“నేనే వాళ్ళింటికి వెళ్ళి, తప్పయిందని చెప్తే?” అన్నారు. ఆ గొంతు విని నాకు జాలేసింది. వాళ్ళిల్లు ఎక్కడో లేదు, రామంతాపూర్. ఆటో ఎక్కితే ఎంతసేపు?

“ఎప్పుడెళ్తారు?” అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

“ఈ వానలు కాస్త తగ్గనీ” అన్నారు.