పదకొండు మంది ఒట్టు

ప్రభుదాస్‌ను జగిత్యాల, కోరుట్ల కాలేజీలకు పిలిచి మాట్లాడమంటారు. తాగుడు మానడం గురించీ, కొట్లాటలు ఆపడం గురించీ పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటారు. దండ తెచ్చి ఉంచుతారు. శాలువా మడత విప్పకుండా బల్ల మీద పెడతారు. "ఇప్పటికి ఎంతమందిని మాన్పించారు సార్?" అని మైకులో అడుగుతారు. ఆయనకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ లెక్క చెప్పడు. సకల జనుల సమ్మె నాటి ఒక మంగళవారం గురించి చెబుతాడు. అది విన్నాక శాలువా కప్పడానికి నిర్వాహకులకు చేతులు రావు.

అప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్ళు. ఊరు తంగళ్ళపల్లి. రోజూ మానేరు వంతెన దాటి సిరిసిల్లలో సాంచెల మీద పనికి పోయేవాడు. సాంచెలంటే అక్కడ మరమగ్గాలు. సమ్మెతో బస్సులు ఆగాయి, బొగ్గు లేక కరెంటు పోయింది, కరెంటు పోయాక సాంచెలూ ఆగాయి. పొద్దున లేస్తే ఏం చేయాలో తెలియని కుర్రాళ్ళంతా లింగన్న కల్లు దుకాణం పందిరి కింద చేరారు. సాయంత్రానికి ఎవడి తలో పగిలేది, ఏ లారీ అద్దమో పగిలేది. చెడ్డపేరు మాత్రం ఉద్యమానికి వచ్చేది.

ప్రభుదాస్‌కు అది తలకొట్టేసినట్టుండేది. "తెలంగాణ కోసం కొట్లాడేటోడు తాగి మోరీల పడ్డంక, మనల్ని ఎవడు నమ్ముతడురా?" అని దోస్తులను నిలదీశాడు. తానెన్నడూ కల్లు ముట్టినవాడు కాదు కనుక, మానడమంటే మనసు గట్టి చేసుకోవడమే అనుకున్నాడు. శనివారం నాడు పదకొండు మందిని దీక్షా శిబిరానికి తీసుకొచ్చాడు. వాళ్ళ తల్లులనూ పిలిపించాడు. ఒక్కొక్కడు తల్లి తల మీద చెయ్యి పెట్టి ఇక కల్లు ముట్టనని ఒట్టు పెట్టాడు. తల్లి మీద పెట్టిన ఒట్టు తప్పితే తల్లికే కీడని ఆ వాడలో అందరి నమ్మకం. ఎవడూ తప్పడన్న ప్రభుదాస్ ధీమాకు ఆధారమూ అదే. జనం చప్పట్లు కొట్టారు, ఎవరో ఫోటో తీశారు. ఆ సాయంత్రం కాస్త గర్వంగానే నడిచాడని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు.

ఆ పదకొండు మందిలో అందరికన్నా ఎక్కువ తాగేవాడు రాజం. ప్రభుదాస్ పక్కింటివాడు, చిన్ననాటి నుంచీ కంచం పొత్తు ఉన్నవాడు. ఒట్టు మీద అందరికన్నా గట్టిగా నిలబడింది కూడా వాడే. ఆదివారం చేతులు వణికాయి. సోమవారం ఒక్క క్షణం కునుకు లేదు. మంగళవారం పొద్దున్నే గోడ మీద పురుగులు పాకుతున్నాయని చెప్పుతో కొట్టడం మొదలుపెట్టాడు. గోడ మీద ఏమీ లేదు.

వాడి తల్లి గంగవ్వ బీడీలు చుడుతోంది. చేట పక్కకు పెట్టి, చెంబు తీసుకుని లేచింది. ప్రభుదాస్ గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎటు చిన్నవ్వా?"

"ఒక్క గిలాసెడు కల్లు తెస్త కొడుకా. వాని పానం ఆగుతలేదు."

"ఇంకొక్క దినం ఓర్సుకుంటె అయిపోతది. వాడు నిలవడ్డడు, నువ్వు చెడగొడ్తవా? మానుడంటె గిట్లనే ఉంటది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చదువుకున్నవాడు, నలుగురికీ చెప్పేవాడు, వీడికి తెలియకుండా ఉంటుందా అనుకుంది పాపం. చెంబు కింద పెట్టింది. అరగంట తిరక్కుండానే రాజం కట్టెలా బిగుసుకుపోయి కింద పడ్డాడు. నాలుక తెగి నోటి నిండా నెత్తురు.

ఆటోలో వేసుకుని బయలుదేరితే వంతెన ముందు దారి బంద్. ఆ బంద్ పెట్టించింది ప్రభుదాసే. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నది అతని జట్టే. ఆటోలో రాజంను చూసి రాళ్ళు పక్కకు దొర్లించారు. వంటకాడ కట్టెలు ఎగదోస్తున్న ప్రకాశ్ ఆ నెత్తురు చూసి కేక పెట్టాడు.

"మల్ల తాగినట్టున్నడు! కల్లుల ఏం కలిపిండో లింగడు! ఇయ్యాల వాని దుకాణం ఉండొద్దు!"

ఆ మాట వెనకనుంచి వినపడుతూనే ఉంది, ఆటో ఆగలేదు.

సిరిసిల్ల దవాఖానలో డాక్టరు సూది వేస్తూనే అడిగాడు, కల్లు ఎప్పుడు మానాడని.

"మూడొద్దులైంది సార్. నేనే మాన్పిచ్చిన."

ఆ గొంతులో ఇంకా కాస్త గొప్ప మిగిలే ఉంది. డాక్టరు తలెత్తి చూశాడు.

"ఒక్కసారిగా మాన్పించావా? ఇక్కడ దుకాణాల్లో అమ్మేది ఉత్త కల్లు కాదయ్యా. నిద్రమందు కలుపుతారు. ఏళ్ళుగా అలవాటైన ఒంటికి అది ఒక్కసారి ఆగితే ఇలాగే ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోతుంది. మెల్లమెల్లగా తగ్గించాలి. వాడు కలిపే మందేంటో, ఎంతో తెలిస్తే నాకు దారి దొరుకుతుంది. ఇంకెవరన్నా మానారా?"

ప్రభుదాస్ "ఇంక పదిమంది" అన్నాడు.

మంచం మీద రాజం మళ్ళీ బిగుసుకున్నాడు. గంగవ్వ కొడుకు కాళ్ళు పట్టుకుని ఉంది, ప్రభుదాస్ వంక చూడలేదు. అతను ఎవరి బండో అడిగి తీసుకుని వెనక్కి ఉరికించాడు.

అతను వెళ్ళేసరికి కల్లు దుకాణం చుట్టూ జనం. తాటాకుల పందిరి, ఒక్క నిప్పురవ్వ చాలు. ప్రకాశ్ చేతిలో వంటావార్పు పొయ్యిలోంచి లాగిన కొరివి. ఇంకొకడి చేతిలో పెట్రోలు సీసా. లోపల లింగన్న, ఆయన భార్య లసుమవ్వ గడియ పెట్టుకుని కూర్చున్నారు. ఆమె ఏడుపు బయటికి వినిపిస్తోంది. ప్రభుదాస్ జనాన్ని తోసుకుంటూ పోయి తలుపుకు వీపు ఆనించాడు.

"ముందుగాల నన్ను కొట్టు ప్రకాశ్. రాజంను గా తీరు చేసింది నేను."

"నడుమ దేవునోలె రాకు. జరుగు!"

"ఒక్కపారే మానుమన్నది నేను. గట్ల మానితె పానం పోతదట, డాక్టర్ చెప్పిండు. చిన్నవ్వ గిలాసెడు తెస్తనంటె గడపల అడ్డం నిలవడ్డది గూడ నేనే. లింగన్నది తప్పు లేదంటలేను. గని ఆయన కాలిపోతె, ఏం కలిపిండో చెప్పేటోడు ఉండడు. రాజం బతకడు."

ప్రకాశ్ కొరివి ఎత్తి కొట్టాడు. భుజం మీద చొక్కా కాలి చర్మానికి అంటుకుంది. ప్రభుదాస్ చెయ్యి ఎత్తలేదు. మంటకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఆ నీళ్ళలోంచే చూశాడు, కొరివి కొన గజగజ ఊగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ప్రకాశ్ కూడా ఆ పదకొండు మందిలో ఒకడు.

"రాతిరి నిద్ర వట్టిందారా?"

"నిద్రతోని నీకేం పని?"

"పట్టిందా?"

"...లేదు. మూడొద్దులసంది లేదు."

"నీ చెయ్యి సూస్కో."

ప్రకాశ్ చూసుకున్నాడు. పెట్రోలు సీసా పట్టుకున్నవాడూ తన చెయ్యి చూసుకున్నాడు. వద్దన్నా ఆగకుండా వణుకుతోంది. గుంపులో ఇంకా నలుగురు చేతులు చంకల్లో దాచుకున్నారు.

"గింత కోపం నీది కాదురా. మందు లేక ఒళ్ళు కొట్టుకుంటుంది. రాజంకు గూడ గిట్లనే షురువైంది. నేనే సూసి గుడ్డోని లెక్క ఊకున్న."

"నేను గూడ సస్తనారా, ప్రభు?"

ఊరంతా భయపడే ప్రకాశ్ అడిగాడు ఆ మాట, పసివాడి గొంతుతో. కొరివి కింద పడింది. ఎవరో దాని మీద మట్టి పోశారు.

ప్రభుదాస్ తలుపు వైపు తిరిగాడు. "లింగన్న కాకా, ఏం కలుపుతున్నవో చెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

"చెప్తె నన్ను జైల్ల ఏస్తరు" అని లోపలినుంచి లింగన్న గొంతు.

గడియ తీసింది లసుమవ్వ. బియ్యం గంపలోంచి తీసిన పొడి పొట్లం ప్రభుదాస్ చేతిలో పెట్టింది. "తీస్కపో కొడుకా. జైలుకైతె అన్నం నేను తీస్కపోత" అంది మొగుడికి వినపడేలా. లింగన్న తల వంచుకుని బయటికి వచ్చాడు. "ఎంత ఏస్తనో దానికెర్కలేదు. నేనే వస్త" అన్నాడు.

బండి మీద ముందు ప్రభుదాస్, లింగన్న, వెనక ట్రాక్టర్‌లో మిగతా పదిమందీ. ఆ నెలలో జై తెలంగాణ అనకుండా వంతెన దాటిన ట్రాక్టర్ అదొక్కటే అయి ఉంటుంది.

పొద్దు గూకే వేళకు రాజం ఒళ్ళు సడలింది. బతుకుతాడని డాక్టరు చెప్పాడు. పదిమందినీ చూసి మాత్రలు రాశాడు. వారం వారం తగ్గిస్తూ పోవాలి, వాళ్ళ చేతికిస్తే ఒకేసారి మింగేస్తారు, పొద్దునా సాయంత్రం ఇంటింటికీ పోయి ఎవరో ఒకరు మింగించి రావాలి. ఎవరు బాధ్యత తీసుకుంటారని అడిగాడు. పదిమందీ ప్రభుదాస్‌ను చూశారు. అతను నేల చూపులు చూశాడు.

"నాకియ్యకుండ్రి సార్. ఇంకెవలకన్న ఇయ్యుండ్రి. నా చేతులతోని వద్దు."

పొద్దుటి నుంచీ అతని వైపు చూడని గంగవ్వ మంచం పక్కనుంచి లేచి వచ్చింది.

"వానికే ఇయ్యుండ్రి సారూ. వాన్ని నేను తిట్టేది ఇంక మస్తున్నది, సచ్చేదాంక తిడ్త. అది యేరే. గని వీళ్ళందర్ల భయమంటె ఏందో ఎరుకైనోడు గా ఒక్కడే."

ప్రభుదాస్ రెండు చేతులూ చాపి మాత్రల సంచీ తీసుకున్నాడు.