ఆపకూడని సందు

ట్యాక్సీ డ్రైవరు ముక్కోపి, కానీ తన బండిలో ఆసుపత్రికి వచ్చే, తను అక్కా అని పిలుచుకునే ముసలమ్మ దగ్గర మాత్రం వెన్నపూస. ఆసుపత్రి పక్కసందులో బండి ఆపి, తలుపు తీసి, ఆమె చెయ్యి వేసుకోవడానికి భుజం వంచి నిలబడతాడు. ఈ వారం అక్కడ బోర్డు వెలిసింది: ప్రయోగాత్మకంగా ఇక్కడ బళ్లు ఆపరాదు. ఈరోజు ఎప్పటిలాగే బండి ఆపగానే పోలీసు వచ్చి అద్దం మీద కొట్టాడు. "తియ్యి, తియ్యి! మెయిన్ రోడ్డు మీద దింపుకో."

"అక్కడినుంచి అక్క నడవలేదండీ."

"ట్రయలే కదయ్యా, కొన్నాళ్లు సర్దుకోండి."

డ్రైవరుకి ఒళ్లు మండిపోయింది. "ప్రయోగం మీదీ, మోకాళ్లు ఆవిడవీనా?" అంటూ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెనక హారన్లు హోరెత్తాయి. పోలీసు విసురుగా జరిమానా రాయసాగాడు. ముసలమ్మ ఒక కాలు నేలమీద పెట్టి, ఆయాసం తీర్చుకుంది.

"మా తమ్ముడి పేరు పక్కన నా పేరు కూడా రాయి బాబూ. బండి ఆపమన్నది నేనే."