అరవై నాలుగు దుప్పట్లు, ఒక తూనీగ

మా కోడలు మొట్టమొదట సాధించింది ఒక తూనీగను. దానికి పంతొమ్మిది ఉదయాలు పట్టింది. బట్టలారేసే తీగకున్న క్లిప్పు మీద అది వాలి, రెక్కలు చాచి నిలిచిన క్షణాన్ని, రెక్కల్లోని ఈనెలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఫొటోలో పట్టింది. మొదటి పద్దెనిమిది రోజులూ ఏం వచ్చాయో కూడా చెప్తాను, దాచుకోవడం దేనికి? ఖాళీ క్లిప్పులు, మసక గీతలు, ఒకసారి తన బొటనవేలు. గ్రంథాలయం మేడ మీద పెట్టిన ప్రదర్శనలో నూట నలభై ఫొటోల మధ్య ఆ తూనీగకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది మూరెడు పొడుగు కెమెరా ఉన్న ఒక డాక్టరుగారికి ఇచ్చారు. దాని మీద నాకొక అభిప్రాయం ఉంది, ఇక్కడ రాయను.

నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. చేతిరాత బాగుంటే మా మాస్టారు సగం మార్కులు వేసేసేవారు. ఆ సగం నాకు ఎప్పుడూ వచ్చేది. మిగతా సగం చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను. ఒక్క దుప్పటి కాల్చలేదు. ఆ సంగతి రాసిచ్చిన కాగితం మా ముందుగదిలో అద్దం కట్టించి ఉంది. నేను దిగిపోయాక అదే బల్ల దగ్గరికి మా కోడలు వచ్చింది. ఆరేళ్ళలో ఆమె ఆలస్యంగా వెళ్ళింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ దారిలో ఆగిపోయింది మావాడు డిపోలో రిపేరు చేసి పంపిన బస్సే. ఆ మాట ఎత్తితే వాడు అన్నం ముందు నుంచి లేచిపోతాడు కాబట్టి మేము వారానికి ఒకసారి మాత్రమే ఎత్తుతాం.

కెమెరా ఆమెకు వాళ్ళన్నయ్య ఇచ్చాడు, తన స్టూడియో మూసేసిన రోజున. వెనక తెర మీద అడ్డంగా ఒక పగులు. ముందు అద్దానికి మూత లేదు. పౌడరు డబ్బా మూత సరిగ్గా సరిపోయింది. తాడు తెగిపోతే పాత దుప్పటి అంచు చింపి, మూడు పాయలుగా అల్లి కట్టుకుంది. ఆ కెమెరాను చూసి నవ్వినవాళ్ళున్నారు. తూనీగ తర్వాత నవ్వలేదు.

ఏం తీసేది అంటారా? ఎదురుగా ఉన్నదే తీసేది. ఆవిరి పట్టిన కిటికీ మీద ఎవరో వేలితో గీసిన గీత. తడి దుప్పటి మీద పిచ్చుక నడిచి వెళ్ళిన అడుగులు. సబ్బు నురగ బుడగలో ఒదిగిన లాండ్రీ గది మొత్తం, తలకిందులుగా. పక్క బల్ల దగ్గర బట్టలు మడతపెట్టే ఆవిడ వేళ్ళు. ఆవిణ్ణి అందరూ మడతలక్క అంటారు. ఆ వేళ్ళను ఫొటోలో చూసుకుని మడతలక్క, "ఇవి నావేనా? ఇంత బాగున్నాయేంటే! మొహం మాత్రం తియ్యకు, పరువు పోతుంది" అంది.

మా ఆవిడకు మాత్రం ఇదంతా మింగుడుపడలేదు.

"ఆరేసిన దుప్పట్లు తియ్యడం చూశాను గానీ, ఆరేసిన దుప్పట్లకు ఫొటోలు తియ్యడం ఎక్కడా చూళ్ళేదమ్మా!" అనేది.

"అవి కదలకుండా నిలబడతాయి అత్తయ్యా. మీరు నిలబడరు కదా" అనేది కోడలు.

"నన్ను తీస్తే కెమెరా పగిలిపోద్దిలే."

"ఇప్పటికే పగిలింది, ఇంకేం భయం లేదు."

గ్రంథాలయం మేడగదిలో నెలకు రెండు ఆదివారాలు ఫొటోలు తీసే సరదా ఉన్నవాళ్ళు కలుస్తారు. బ్యాంకు గుమస్తా, ఇద్దరు టీచర్లు, ఆ డాక్టరుగారు, ఇంకొంతమంది. వాళ్ళు ఏడాదికొకసారి, ఎక్కడెక్కడి నుంచో పక్షులు వచ్చి దిగే ఒక సరస్సుకు రానూపోనూ కలిపి పన్నెండు రోజులు వెళ్తారు. పడవలో చోటు ఆరుగురికే. తూనీగ పుణ్యమా అని ఈ ఏడు ఆరో చోటు మా కోడలికి దక్కింది. బస్సు కిటికీలోంచి చూసినవి తప్ప, లాండ్రీ తొట్టె కంటే వెడల్పైన నీళ్ళ పక్కన ఆమె ఎప్పుడూ నిలబడలేదు. డిసెంబరు ముప్పై ఒకటి లోపల వస్తానో రానో చెప్పాలి. రాకపోతే ఆ చోటు వరుసలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తన వంతు ఎన్నేళ్ళకో.

సెలవు ఇవ్వాల్సింది సూపర్‌వైజరు. మంచివాడే. గొంతు మాత్రం మూడంతస్తులకు వినిపిస్తుంది, అందుకే ఆయన్ని వెనకాల సైరన్ అంటారు. "చూద్దాం" అన్నాడు. ఆయన నోట చూద్దాం అంటే సగం ఇచ్చినట్టే. కోడలు ఆ రాత్రి పౌడరు డబ్బా మూతను సబ్బు పెట్టి కడిగింది.

తర్వాత వారమే ఆ అకాల వర్షం వచ్చింది.

లాండ్రీలో రూలు ఒకటే. డాబా మీద దుప్పట్లున్నప్పుడు గాలి మారితే, చేతిలో పని చేతిలోనే వదిలేసి, ముందు తీగల దగ్గరికి పరుగెత్తాలి. నేనే నేర్పాను ఆమెకు. ఆ రోజు డాబా మీద అరవై నాలుగు దుప్పట్లు, ఆమె ఒక్కతే. పడమట నల్లగా కమ్మింది. కానీ ఆ నలుపు కిందుగా ఒక వెలుగు చీలిక వచ్చి దుప్పట్లన్నిటి మీదా పడిందట. గాలికి అరవై నాలుగూ ఒక్కసారి పొట్టలు పూరించుకుని లేచాయట. "ఒక్క నిమిషం మామయ్యా, ఒక్క నిమిషమే అనుకున్నాను" అంది నాతో తర్వాత. పదకొండు ఫొటోలు తీసింది. పన్నెండోదానికి చినుకు కాదు, ఏకంగా వాన దిగింది.

అరవై మూడు తడిసి ముద్దయ్యాయి. తొమ్మిది తీగ తెంపుకుని కింద మట్టిలో పడ్డాయి. ఆ సాయంత్రం రెండు వార్డుల్లో దుప్పట్లు మార్చలేకపోయారు. సైరన్ ఏమన్నాడో మూడంతస్తులూ విన్నాయి. చివరి మాట ఒక్కటి రాస్తాను: "సెలవన్న మాట నా ముందు ఎత్తకు!"

ఆమె అన్నీ మళ్ళీ ఉతికి, లోపల వరండాలో తాళ్ళు కట్టి ఆరేసి ఇంటికొచ్చింది. కెమెరాను వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించింది. "తప్పు నాదే మామయ్యా. రోగులు పాత దుప్పట్ల మీద పడుకున్నారు" అంది. అంతే. పదహారు రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో ఆవిరి లేచింది, ఎండ వచ్చింది, కిటికీ ఊచల నీడ గోడ మీద నిచ్చెనలా పాకింది. పక్క నుంచే వెళ్ళిపోయేది, తల తిప్పకుండా.

పదహారో రోజు అన్నం దగ్గర మా ఆవిడ ఉన్నట్టుండి అంది: "ఇదుగో, ఆ నిచ్చెన నీడ బాగుంది కదా. ఎవరూ తియ్యరేం?"

కోడలు తల తిప్పకుండానే ఇంకో ముద్ద కలుపుకుంది. నేను లేచి చొక్కా వేసుకున్నాను.

తేదీ డిసెంబరు ఇరవై తొమ్మిది. కెమెరా మేకు మీది నుంచి తీసి, కోడల్ని వెంటబెట్టుకుని లాండ్రీకి వెళ్ళాను.

"ఏంటి పెద్దాయనా, ఇలా వచ్చారు?" అన్నాడు సూపర్‌వైజరు.

"పన్నెండు రోజులు నేను నిలబడతాను బల్ల దగ్గర. అమ్మాయిని పంపించండి."

"మీకెన్నేళ్ళు?"

"అరవై తొమ్మిది."

"డెబ్భై అని కార్డు మీదుంది."

"కార్డుకి తొందరెక్కువ."

ఆయన నవ్వకుండా ఒక ముడతల దుప్పటి తెచ్చి బల్ల మీద పడేశాడు. నేను నీళ్ళు చిలకరించి, అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి వచ్చి, నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి కూర్చి మడిచి ఇచ్చాను. మడతలక్క వచ్చి మూలలు వేలితో తడిమి చూసింది. "నాకంటే బాగా పెట్టాడు సార్, నన్ను తీసెయ్యకండి" అంది.

"పని సంగతి కాదు పెద్దాయనా. ఆ రోజు అన్ని దుప్పట్లు తడుపుకుని ఈవిడ తీసిందేంటి? ఏం బావుకున్నట్టు?"

ఇది నాకూ తెలియదు. ఆ పదకొండు ఫొటోలు ఆమె ఎవరికీ చూపించలేదు. "చూపించమ్మాయ్" అన్నాను. ఒక్కొక్కటే జరిపింది. పగిలిన తెర మీద ఆకాశం నల్లగా, దుప్పట్లు తెల్లగా. పదకొండోది వచ్చింది.

సూపర్‌వైజరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి కెమెరాను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దుప్పట్ల వరసల చివర, డాబా తలుపు దగ్గర, వేలెడంత మనిషి. నోరు బార్లా తెరిచి అరుస్తున్నాడు. రెండు చేతులా ఒక దుప్పటిని గుండెలకు హత్తుకుని, రాబోయే వానకు వీపు పెట్టాడు. చంటిపిల్లను ఎత్తుకున్నవాడిలా ఉన్నాడు. తడవని అరవై నాలుగో దుప్పటి అదే.

చాలాసేపు చూశాడు. 

"ఇది నేనా?"

"మీరే సార్."

"నోరు మూసుకున్నప్పుడు తియ్యలేకపోయావా?"

"మీరు మూస్తే కదా సార్" అంది కోడలు, పదహారు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతూ.

మడతలక్క పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. సూపర్‌వైజరు గొంతు దిగిపోయింది. ఆయనకు అంత చిన్న గొంతు కూడా ఉందని నాకు ముప్పై ఒక్క ఏళ్ళలో తెలియదు. "మా ఇంట్లోవాళ్ళు నేను పని దగ్గర ఎలా ఉంటానో చూళ్ళేదు. ఒక కాపీ తీయించి ఇవ్వు" అన్నాడు. తర్వాత గట్టిగా, మూడంతస్తులకూ, "గాలి మారితే ముందు దుప్పట్లు! తర్వాతే ఫొటోలు! తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది సార్."

ఫిబ్రవరి అయిదున, గురువారం, ఆమె బండెక్కింది. నేను బల్లెక్కాను, అంటే బల్ల దగ్గర నిలబడ్డానని. ఇది రాసేనాటికి తొమ్మిది రోజులు. ఒక్క దుప్పటి కాల్చలేదు. నడుము సంగతి అడక్కండి. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కే ముందు కిటికీ మీద ఆవిరి పైకి పాకుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే నిలబడినవాణ్ణి, అది కింది నుంచి పైకి పాకుతుందని ఇప్పుడే చూశాను.

నిన్న మావాడి ఫోనుకు ఆమె పంపిన ఫొటో వచ్చింది. ఇంటిల్లిపాదీ పక్షుల కోసం కళ్ళింతలు చేసుకుని చూశాం. పడవ మీద కట్టిన తాడు, దాని మీద పడవవాడి చొక్కా ఒకటి ఆరుతోంది, చొక్కా చేతుల నుంచి బొట్లు నీళ్ళలో పడి వలయాలు తిరుగుతున్నాయి. పక్షులు ఆ వలయాల అవతల, దూరంగా, ఆవగింజలంత.

"అంత దూరం వెళ్ళి అక్కడా ఉతికిన బట్టలేనా!" అంది మా ఆవిడ. తర్వాత ఫోను మావాడికి తిరిగివ్వకుండా పొద్దుపోయేదాకా తన దగ్గరే పెట్టుకుంది.

కోడలు తిరిగొచ్చిన రోజు కూడా బల్ల దగ్గర నేనే నిలబడతానని సూపర్‌వైజరుకు చెప్పాను, ఆమె పడుకుంటుందని. "పన్నెండన్నారుగా, పదమూడా?" అన్నాడు గానీ కాదనలేదు. బండి ఉదయం ఆరూ నలభైకి. ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం.