బిగించని బోల్టు మీద పసుపు గీత

మా ఆయనను సైటుల అందరు మొగిలి మేస్త్రి అంటరు. పదిహేనేండ్ల సంది ఇనుప దూలాలకు బోల్టులు బిగిచ్చుడే ఆయన పని. ఇప్పుడు గోపన్‌పల్లిల రెండు ఆఫీసు బిల్డింగుల నడుమ, ఎనిమిదో అంతస్తు కాడ, మనుషులు నడిచే ఇనుప వంతెన కడుతున్రు. బోల్టులు ఆయనయి, పసుపు రంగు గీతలు నాయి.

గీతలెందుకంటరా? ముందుగాల ఇనుప పలకల నడుమ సందు లేకుండ నట్టును పానాతోని బిగిస్తరు. అప్పుడు నట్టు మీంచి పలక మీదికి నేను ఒక్కటే తిన్నని గీత గీస్త. ఆయన పెద్ద పానా ఏసి ఇంకో అరచుట్టు తిప్పుతడు. పలక మీది గీత ఉన్నకాడనే ఉంటది, నట్టు మీదిది అవతలికి పోతది. కింద నిలబడి చూసినా తెలుస్తది, బోల్టు బిగిసిందని.

మొన్న ఆయనకు జరమొచ్చి రెండు దినాలు దవాఖానల పడ్డడు. అగో, గప్పుడే మా ఇంజనీరు ఉదయ్ భాస్కర్‌కు తొందర పుట్టింది.

"వసంతా, రేపు చెకింగుకి వస్తున్నారు. కుర్రాళ్లు బోల్టులు బిగించేశారు గానీ గీతలు మర్చిపోయారు. నట్టు మీద అటు, పలక మీద ఇటు గీసెయ్యమ్మా."

గీత ముందు, తిప్పుడు తర్వాత. నాకు తెల్వదా? మంచిగ తెలుసు. అయినా నా బుద్ధి గడ్డి తిన్నది. తొంభై ఆరు బోల్టులకు గీసిన. థూ, నా బతుకు!

తెల్లారి ఆయన వచ్చిండు. నట్లు చూసి ఆగిండు.

"పానా పడ్డ నట్టుకు మూలలు మెరుస్తయి. ఇవి మెరుస్తలేవేందే? జర తిప్పు."

తిప్పిన. ఉత్త రెండు వేళ్లకే తిరిగింది! రేపు దీని మీద వందలమంది ఆఫీసు పిల్లలు టీ గ్లాసులు పట్టుకొని నడుస్తరు.

ఉదయ్ భాస్కర్ కాయితం పట్టుకొని ఉరికొచ్చిండు. "బోల్టులన్నీ నేనే బిగించానని సంతకం పెట్టు మొగిలీ. పెట్టకపోతే దొంగ గీతలు గీసింది నీ భార్యేనని రాస్తాను."

ఎన్నడు తప్పుడు పని చెయ్యని మనిషి, నా మొకం చూసి పెన్ను పట్టిండు. నా కోసం! నాకు ఆగలే. ఆ కాయితం గుంజుకొని, లిఫ్టు దిగుతున్న చెకింగు సారుకు ఎదురుపోయిన.

"సారూ, ఆ గీతలు దొంగ గీతలు. గీసింది నేనే. నా పేరు వసంత, రాసుకోండ్రి. ఇగ వచ్చి మీ చేత్తోనే ఒక్క నట్టు తిప్పి చూడుండ్రి."