కాత్యాయని రాసిన ఫైలు

బెంగళూరు హూడిలోని ఆ చిన్న కంపెనీలో కాత్యాయని చేరి ఎనిమిదేళ్లు. పుట్టి పెరిగిందంతా కె.ఆర్.పురంలోనే. కంపెనీ వాళ్లు తయారుచేసేవి ఒక్కసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడిచే యాప్‌లు. అయితే వేలిముద్ర యంత్రం లాంటిది తగిలించాలంటే ఆ ఒక్క కోడు చాలదు. ఏ ఫోనుకు ఆ ఫోను భాషలో విడిగా ఫైలు రాసి, ప్లగిన్ అనే అదనపు కోడు కట్టలో పెట్టాలి. ఆ ఫైళ్లన్నీ చూసుకునేది కాత్యాయనే.

కొత్తగా ఎవరొచ్చినా ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటే. అసలు ఫైలు ప్లగిన్ ఫోల్డరులో ఉంటుంది. యాప్ తయారుచేసేటప్పుడు దాని నకలు ఆండ్రాయిడ్ ఫోల్డరులోకి వెళ్తుంది. దిద్దితే అసలు ఫైలునే దిద్దాలి. నకలు దిద్దారో, ఆ ఫోల్డరు తుడిచి మళ్లీ తెచ్చుకున్న రోజున పడ్డ శ్రమంతా గంగలో కలుస్తుంది.

ఈ పాఠం అందరికన్నా బాగా ఒంటబట్టించుకున్నవాడు గిరిధర్. ఐదేళ్ల కిందట మదనపల్లె నుంచి వచ్చి ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. నోరారా అక్కా అని పిలిచేవాడు, ఆమె టిఫిన్ డబ్బాలో సగం తినేవాడు. టీమ్ లీడ్ కుర్చీ ఖాళీ అయినప్పుడు, అది తనకు రావాలని ఎంత ఆశగా ఉందో ఆమె ఆ ఆఫీసులో అతనొక్కడికే చెప్పుకుంది.

అప్పుడే జిగణిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీకి వేలిముద్రల హాజరు యాప్ ఇచ్చారు. అక్కడ ఇరవై ఏళ్లుగా రాళ్లకు పాలిష్ పడుతున్న చిక్కమునియప్ప వేళ్లు కూడా నున్నగా అరిగిపోయాయి. యాప్ ఆయన్ను గుర్తుపట్టక రోజూ గేటు దగ్గర నిలబెట్టేసేది. కాత్యాయని మూడు రోజులు ఆ గేటు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వేలు పెట్టగానే చదవకుండా ఒకటిన్నర సెకను ఆగి, రెండుసార్లు చదివి కలిపితే పనైంది.

"ఇప్పుడు గుర్తుపట్టె సూడమ్మా!" అని పెద్దాయన మురిసిపోయాడు.

ఆ తొందరలో, పదిమందికి పాఠం చెప్పే మనిషి తానే నకలు ఫైలును దిద్దింది. శుక్రవారం ఆఫీసుకొచ్చేసరికి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే వేళైంది. ల్యాప్‌టాప్ తెచ్చి గిరిధర్ ముందు పెట్టింది.

"తొందర్లో నకల్లో మార్చినా గిరీ. దాన్ని అసలు చోట పెట్టి నా పేరుతో కంపెనీ సర్వర్‌లోకి ఎక్కించేయప్పా."

"నువ్వు పో అక్కా, నేనుండాను గదా."

పాస్‌వర్డు కూడా చెప్పి వెళ్లింది, పిచ్చిది.

సోమవారం మీటింగులో మేనేజరు భుజంగరావు గిరిధర్ భుజం తట్టాడు. "జిగణి ఇష్యూ వీకెండ్‌లో కూర్చుని సాల్వ్ చేశాడండీ మనవాడు. కాత్యాయనిగారు నకలు ఎడిట్ చేసి మొత్తం పోగొట్టుకున్నారట. మళ్లీ మొదట్నుంచీ రాశాడు."

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని కాత్యాయని సీటుకొచ్చి ఫైలు తెరిచింది. ప్రతి వరసా తనదే. పైన తన పేరున్న వరస ఒక్కటే లేదు. ఎక్కించినవారి చోట గిరిధర్ పేరుంది. తన ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ ఫోల్డరు శుభ్రంగా తుడిచిపెట్టి ఉంది. అసలు ఎక్కించాక నకలు తుడవడం పద్ధతే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు. ఆమె నేర్పిన పాఠంతోనే ఆమె గొంతు కోశాడు.

టీ దగ్గర నిలదీసింది. "ఎందుకు చేసినావప్పా ఇట్లా?"

గిరిధర్ కప్పులోకి చూస్తూ అన్నాడు. "లీడ్ ఎవరో ఈ నెల్లోనే తేల్చేస్తారంటక్కా. నీకైతే ఇల్లు, పిల్లోళ్లు ఉండారు. నువ్వు పెద్దగా పట్టించుకోవనుకున్నా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆశ సంగతి తెలిసిన ఒకే ఒక్కడు, పట్టించుకోదనుకున్నాడట! నేరుగా భుజంగరావు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన సానుభూతిగా తలూపి, "ప్రూఫ్ ఏమైనా ఉందా అండీ?" అన్నాడు.

పదిహేను రోజుల్లో గిరిధర్ లీడ్ అయ్యాడు. అతని మొదటి మీటింగు అదే వేలిముద్రల మార్పును ఐఫోన్ ఫైలులో రాయడం గురించే. టెస్టింగ్ చూసే ప్రేమకుమారి మామూలుగా అడిగింది.

"ఒకటిన్నర సెకనే ఎందుకు గిరిధర్? రెండు పెడితే ఇంకా బాగా చదువుతుంది కదా?"

గిరిధర్ నోరు తెరిచాడు. కాత్యాయని వైపు చూశాడు. ఐదేళ్లుగా అందించిన అలవాటు కొద్దీ జవాబు ఆమె నాలుక చివరికి వచ్చేసింది. అంతకు మించి వేలు నొక్కిపెడితే చిక్కమునియప్ప చెయ్యి వణికి ముద్ర చెదిరిపోతుంది. ఆ గేటు దగ్గర కూర్చున్న మనిషికి తప్ప అది ఎవరికీ తెలియదు.

"చెప్పక్కా," అన్నాడు మెల్లగా.

"రాసింది నువ్వు గదప్పా. నువ్వే చెప్పు."

ప్రేమకుమారి తల దించుకుంది. భుజంగరావు గిరిధర్‌ను చూశాడు, కాత్యాయనిని చూశాడు. అందరికీ అర్థమైపోయింది. ఇంతకన్నా ఏం ప్రూఫ్ కావాలి? ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు అని ఆమె భుజంగరావు నోటివైపే చూసింది.

భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "సరే, అది తర్వాత చూద్దాం. ఐఫోన్ ఫైలు కాత్యాయనిగారు రాస్తారు. గిరిధర్ చెక్ చేసి ఎక్కిస్తాడు. నెక్స్ట్ ఏంటి?"

ప్రేమకుమారి తల ఎత్తకుండానే ఆ మాటలు నోట్సులో రాసుకుంది.