లెయోంటీన్ బండి పొగ, సిరీల్ కారు రెక్క

స్పా కార్ల రేసు సర్క్యూట్ మీద వాన ఎక్కడ పడాలో తేల్చేది మేఘాలు కాదు, ఆలూ ఫ్రైస్ అమ్మే లెయోంటీన్. నమ్మకపోతే మీ ఖర్మ. ఆవిడ జాలిగరిటె ఎత్తితే అడవి వైపు చినుకు, దించితే ఎండ. బడి మధ్యలో వదిలేసిన నాకు ఈ వాతావరణ శాస్త్రమంతా ఆవిడ బండి దగ్గర నిలబడి తింటూనే అబ్బింది.

ఆ ఆదివారం పాత కార్ల క్లబ్బు రేసు. ఆవిడ కొడుకు సిరీల్‌కి అదే చివరి అవకాశం. మొదటి ముగ్గురిలో రాకపోతే కారు అమ్మేస్తానని భార్య ఆన్యెస్‌కి మాటిచ్చాడు. ఆన్యెస్ అప్పటికే కారు షెడ్డులో పిల్లల సైకిళ్ళకి చోటు చూసి పెట్టుకుంది.

మా సర్క్యూట్ మహా మొండిది. పొడవాటి తిన్నని రోడ్డు మీద ఉరకాలంటే కారు వెనక రెక్కని పడుకోబెట్టాలి, గాలి అడ్డుపడదు. అడవిలోకి దిగే వంపుల్లో చక్రాలు నేలని పట్టుకోవాలంటే అదే రెక్కని నిలబెట్టాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఆ రోజు అందరూ పడుకోబెట్టారు.

లెయోంటీన్ మాత్రం తన బండి మీద పొగ చూసింది. అది అడవి వైపు వంగింది.

"రెక్క నిలబెట్టరా. కింద వాన పడుతుంది."

"ఎండ మాడ్చేస్తోంది కదమ్మా!"

"నువ్వు ఎండ చూస్తున్నావు. నేను పొగ చూస్తున్నాను."

టైర్ల కొట్టు ఫ్లోరిబెర్ట్ నోటినిండా ఫ్రైస్‌తో నవ్వాడు. "అంత రెక్క లేపితే వదినా, తిన్నని రోడ్డు మీద మీవాణ్ణి నేను నడుచుకుంటూ దాటేస్తా!"

"నువ్వా? ముందు ఆయాసపడకుండా నా బండి దాకా నడిచి రా."

సిరీల్ గొణుక్కుంటూనే రెక్క నిలబెట్టాడు.

రేసు మొదలవగానే తిన్నని రోడ్డు మీద ప్రతి కారూ వాణ్ణి దాటేసింది. చక్రాల కుర్చీ వచ్చినా దాటేసేదే. ఆన్యెస్ మయోనైజ్ గిన్నెని తుడిచిందే తుడిచింది. వాన జాడ లేదు. పైగా ఎండ ముదిరింది. రోడ్డు మీద నేను రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను, ఉప్పు తక్కువైంది.

ఆ వేడిలో, రెక్కలు పడుకోబెట్టినవాళ్ళు వంపుల్లో జారి జారి టైర్లు అరగదీసుకున్నారు. సిరీల్ మాత్రం నేలకి అతుక్కుని, అడవి వంపుల్లో ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ వచ్చి మూడోవాడిగా గీత దాటాడు.

ఆన్యెస్ గిన్నె కింద పెట్టింది. "సరేలే. సైకిళ్ళు వసారాలోనే ఉంటాయి."

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: లెయోంటీన్‌కి టైర్లు అరుగుతాయని ముందే తెలుసు, ఎండని ఆవిడే పిలిచింది. పుకారు పుట్టించింది నేనే అనుకోండి. ఫ్లోరిబెర్ట్ టోపీ తీసి మరీ అడిగాడు, వచ్చే రేసు ఎవరిదో చెప్పమని.

లెయోంటీన్ జాలిగరిటె దులిపింది.

"వాన పడుతుందన్నాను, పడలేదు. బండి పక్క రేకు తలుపు సగం మూసుకుపోయింది, అందుకే పొగ అటు వంగింది. నేను చూసుకోలేదు."